చిన్న అడుగుల పరుగు

మా నాయనగారు తెల్లవారుజామున నాలుగున్నరకే మేలుకొని వరండాలో వాలుకుర్చీ వేయించుకొని కూర్చునే అలవాటు గల మనిషి. బెంగుళూరులో మా వీధి ఆ వేళకు ఇంకా నిద్రలోనే ఉంటుంది. ముందు పాలబండి వస్తుంది, ఆ వెనుక పేపరు కుర్రవాడి సైకిలు, ఆ తరువాత మేము. రెండేళ్ళ క్రిందట, జనవరి నెలలో, మొట్టమొదటిసారి పరుగెత్తి ఇంటికి వచ్చిననాడు ఆయన అడిగిన మాట ఇది: “ఏమిరా, వీధిలో ఎనుము పరుగెత్తినట్లు ఆ ధబధబలేమి?”

ఆయనకు కుడికాలు మోకాటి క్రింద లేదు. చక్కెర జబ్బు. 2016లో పెరట్లో ఒట్టికాళ్ళతో తిరుగుతుండగా తుప్పు పట్టిన మేకు ఒకటి అరికాలిలో దిగింది. పాదాలకు స్పర్శ తగ్గిపోయి ఉన్నందువల్ల రెండు రోజులదాకా ఆ సంగతే ఆయనకు తెలియలేదు. తెలిసేసరికి ఆలస్యమైనది. చదువరులు ఈ మేకు సంగతి కొంచెం జ్ఞాపకం ఉంచుకోవాలి. ముందు దీనితో పని ఉన్నది.

ఇంతకూ పరుగెందుకంటే, ఆఫీసులో ఏటేటా జరిగే వైద్యపరీక్షలో మా మూడునెలల చక్కెర లెక్క 6.3 అని తేలింది. 5.7 లోపల ఉంటే నిశ్చింత, 6.5 చేరితే జబ్బు. మేము రెంటికీ నడుమ, అందునా అవతలి గట్టుకు దగ్గరగా ఉన్నామన్నమాట. డాక్టరుగారు కాగితం చూసి, మా నాయనగారి సంగతి విని, “బరువు తగ్గండి, రోజూ చెమట పట్టేదాకా కదలండి” అన్నారు. ఆయన ఇంకేమీ బెదిరించలేదు. బెదిరించవలసిన పనీ లేదు. ఇంటికి వస్తే వరండాలో వాలుకుర్చీ ఉన్నది.

ఈ వ్యాసంలో ‘మేము’ అంటే ముగ్గురం. బిల్లుల సెక్షనులో గుమాస్తాగిరీ వెలగబెడుతూ, నలభై ఆరేళ్ళకు 82 కిలోలు తూగుతూ ఉండిన ఈ రచయిత ఒకడు. క్యాషు కౌంటరులో కూర్చునే మా సహోద్యోగి రెండవవారు. ఆయన ధర్మపత్ని మూడవవారు. ఆయనను ఇరవై ఏళ్ళుగా బావా అని పిలుస్తున్నాము గనుక ఆమె మాకు అక్కయ్య. హిందూపురం, మదనపల్లె, కోలారు వైపుల నుండి తాతల కాలాన వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు మావి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. ఆఫీసులో ఈ రెండూ చాలక మూడవది. కష్టసుఖాలన్నీ ముగ్గురం పంచుకున్నాముగాని, మోకాలు మాత్రం రచయితదే.

ఆ మోకాలు ఆరు వారాలకే మొరాయించింది. నొప్పి చిప్ప చుట్టూ, చిప్ప క్రింద. మెట్లు ఎక్కితే ఓర్చుకోవచ్చు, దిగితే ప్రాణం మీదికి వచ్చేది. ఆఫీసు కుర్చీలో రెండు గంటలు కూర్చొని లేచేసరికి కాలు ముసలివాడి కాలయ్యేది. పండుగనాడు పూజకు పీట మీద కూర్చోలేక కుర్చీ తెచ్చుకోవలసి వచ్చినప్పుడు మా ఇంటి ఇల్లాలు ఏమీ అనలేదుగాని, కుర్చీ వేస్తూ వేసిన ఆ చూపు నేటికీ మరపు రాదు. చక్కెర పరుగెత్తమంటుంది, మోకాలు కూర్చోమంటుంది. ఇద్దరు అధికారులు చెరొక ఉత్తరువు ఇస్తే గుమాస్తా ఎవరి మాట వినాలి?

పెద్దల మాట సరేసరి. “మోకాలు బండి చక్రం వంటిది నాయనా, తిప్పినకొద్దీ అరిగిపోతుంది” అని చెప్పనివారు లేరు. ఈ మాట అందరూ నమ్ముతున్నారు గనుక కొంచెం ఆగి చూద్దాము. అంతవరకూ జరిగిన పరిశోధనలను ఒకచోట కూర్చి 2017లో ప్రకటించిన ఒక లెక్క ఉన్నది. సరదాకు, ఆరోగ్యానికి పరుగెత్తేవారిలో మోకాటి కీళ్ళు, తుంటి కీళ్ళు అరిగినవారు నూటికి 3.5. అసలు పరుగెత్తనివారిలో నూటికి 10.2. పోటీలకు పరుగెత్తే ఉద్దండులలో నూటికి 13.3. అనగా అతిగా వాడినా చేటే, మూలబెట్టినా చేటే. అయితే మోకాలు చెడినవారు ముందే పరుగు మానివేసి ఆ పద్దులో చేరకపోయి ఉండవచ్చుననే సందేహం ఒకటి ఉండనే ఉన్నది. కనుక దీనిని ధైర్యానికి చెప్పుకోవచ్చునేగాని దస్తావేజుగా చూపరాదు. మాకు మాత్రం ఆ ధైర్యమే చాలినంత అయినది.

ఏప్రిల్ నెలలో ఒక ఆదివారం మేము లాల్‌బాగులో ఉన్నాము. హైదరాలీ 1760లో వేయించిన తోట అది. 240 ఎకరాలు. కెంపేగౌడ గోపురం నిలబడి ఉన్న ఆ నున్నని బండ వయస్సు మూడువందల కోట్ల సంవత్సరాలని భూగర్భశాస్త్రజ్ఞులు చెబుతారు. అంతకాలం కదలక కూర్చున్నది గనుకనే దానికి ఏ నొప్పులూ లేవని బావ పరిహాసం. అట్లా బండ మీద కూర్చొని మోకాలు పట్టుకొని చూస్తుండగా క్రింద బాటలో ఒక పెద్దమనిషి పరుగెత్తిపోతున్నారు. డెబ్భై దాటి ఉంటాయి. తెల్లని నిక్కరు, తలకు మంకీ టోపీ. ఆయన పరుగు చూస్తే ముందు నవ్వు వస్తుంది. జానెడు జానెడు అడుగులు, కాళ్ళు తపతప ఆడుతూనే ఉంటాయి, మనిషి మాత్రం పోతున్నట్లే ఉండదు. కాని మేము చూస్తుండగానే చెరువు చుట్టూ తిరిగి మళ్ళీ వచ్చారు. ఆయాసం లేదు. అన్నిటికంటె ఆశ్చర్యం, చప్పుడు లేదు.

దిగివెళ్ళి మా గోడు చెప్పుకున్నాము. ఆయన కన్నడిగులు. మా పరుగు ఒక ఇరవై గజాలు చూసి రెండే ముక్కలు అన్నారు: “హెజ్జె సణ్ణదు మాడి. సద్దు మాడబేడి.” అడుగు చిన్నది చేయండి, చప్పుడు చేయకండి అని. ‘సద్దు’ మనకూ ఉన్న మాటే. ‘సణ్ణ’ అంటే కన్నడంలో చిన్నది. మనం సన్న అనేది లావు కాని దానిని. అయినా సన్నకారు రైతు అన్నప్పుడు మనకూ ఆ పాత అర్థమే మిగిలి ఉన్నదని అక్కయ్య అన్నది. ఆనాటి నుండి మా ముగ్గురి నడుమ ఈ పరుగు పేరు సణ్ణ హెజ్జె.

పెద్దాయన చెప్పింది అంతే. ఆ మీదట ఎందుకు, ఏమిటి అని తవ్వుకోవడం మా వంతు. ఫైలు తెరిచిన గుమాస్తా ఊరకుండలేడు.

పరుగులో ఒక్కొక్క అడుగు నేల మీద పడినప్పుడు శరీరపు బరువుకు రెండింతలు మొదలు మూడింతలదాకా బలం కాలి మీద పడుతుంది. 82 కిలోల మనిషికి ప్రతి అడుగుకూ 160 నుండి 240 కిలోల దెబ్బ అన్నమాట. వేగంగా పోవాలనే ఆత్రంలో మనవంటివారు చేసేదేమంటే, కాలు బాగా ముందుకు చాచి, మోకాలు ఇంచుమించు నిటారుగా ఉండగా మడమతో నేలను గుద్దుతారు. పాదం శరీరానికి చాలా ముందు పడటంవల్ల అది ముందుకు పోనీయక వెనుకకు నెడుతుంది. అంటే ప్రతి అడుగుకూ బండికి బ్రేకు వేసి, మళ్ళీ తోసి, మళ్ళీ బ్రేకు వేస్తున్నాము. ఆ బ్రేకుదెబ్బ అంతా పోయి చేరే చోటు మోకాలు. అడుగు చిన్నది చేస్తే పాదం శరీరానికి ఇంచుమించు క్రిందనే పడుతుంది, పడేటప్పటికే మోకాలు కొంచెం వంగి ఉంటుంది. మనిషి పైకీ క్రిందికీ ఎగిరిపడటం తగ్గుతుంది. వేగం తగ్గనక్కరలేదు. అడుగు చిన్నదైన మేరకు అడుగుల సంఖ్య పెరిగితే సరిపోతుంది.

అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంవారు 2011లో 45 మంది మామూలు పరుగరులను పెట్టి ఇదే పరీక్షించారు. ఎవరి వేగం వారిదే. నిమిషానికి వేసే అడుగులు మాత్రం నూటికి 5, ఆపైన 10 చొప్పున పెంచమన్నారు. 5 పెంచితేనే మోకాటి మీద భారం తగ్గింది. 10 పెంచితే తుంటికి కూడా ఉపశమనం కలిగింది. ఇక్కడ బావ ఒక అభ్యంతరం లేవదీశాడు. క్యాషియరు గనుక అది లేవదీయక తప్పదు. “అడుగుకు దెబ్బ తగ్గుతుంది సరే, అడుగులు పెరుగుతున్నవి గదా, మొత్తం కూడితే అంతే కాదూ?” మంచి ప్రశ్న. అదే విశ్వవిద్యాలయంవారు 2014లో ఇంకొక లెక్క ఇచ్చారు. అడుగులు నూటికి 10 పెంచితే మోకాటి చిప్ప క్రింది ఒత్తిడి అడుగుకు 14 వంతులు తగ్గుతుందట. వంద అడుగుల చోట నూటపది, వంద వంతుల ఒత్తిడి చోట ఎనభై ఆరు. గుణిస్తే వందకు 94.6. మొత్తం మీద కూడా అయిదు వంతులకు పైగా ఆదా. ఈ గుణకారం మాది, పండితులది కాదు. అయినా బావ రెండుసార్లు సరిచూసి సంతకం పెట్టాడు.

ఇక లెక్కపెట్టడం. మీరు మామూలుగా పరుగెత్తుతూ కుడికాలు నేలను తాకినప్పుడల్లా ఒకటి రెండు అని ముప్ఫై సెకనులు లెక్కించి నాలుగుతో హెచ్చించండి. మాకు 39 వచ్చింది, అనగా నిమిషానికి 156. నూటికి 5 కలిపితే 164, 10 కలిపితే 172. మేము నడుమ 168 పట్టుకున్నాము. గంటకు ఎనిమిది కిలోమీటర్ల మా నత్తపరుగులో అడుగు 85 సెంటీమీటర్ల నుండి 79కి దిగింది. అంటే తగ్గింది ఆరు సెంటీమీటర్లు, మూడువేళ్ళ వెడల్పు. దీనికేనా ఇంత భాగవతం అని మీరనవచ్చు. మేమూ అన్నాము. ఆ మూడువేళ్ళు తగ్గించడానికి మాకు రెండు నెలలు పట్టింది!

ఎంచేతనంటే కాళ్ళకు వాటి అలవాటు వాటికున్నది. మనస్సు అటు మళ్ళగానే అవి మళ్ళీ చాచుకుంటాయి. ఫోనులో టిక్కుటిక్కుమని తాళం వేసే ఏర్పాటు ఉన్నది. దానిని 168కి పెట్టి జేబులో వేసుకుంటే సరి. కాని చెవిలో ఆ గోల బావకు సరిపడలేదు. ఆయన చిన్ననాట మూడేళ్ళు మృదంగం నేర్చినవాడు. “తకధిమి అనుకుంటే పోదా?” అన్నాడు. అక్షరానికి ఒక అడుగు, నిమిషానికి 42 తకధిములు. బాగానే నడిచింది. కాని పది రోజులకు ఆయనే ఒక లోపం పట్టాడు. నాలుగు సరిసంఖ్య గనుక ప్రతిసారీ ‘త’ ఒకే కాలి మీద పడుతుంది, ఆ కాలు కొంచెం గట్టిగా పడుతుంది. అందుకని తకిటకు మార్చాడు. మూడు బేసి గనుక ‘త’ ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు. నిమిషానికి 56 తకిటలు. ఈ తకిట ఏ విశ్వవిద్యాలయంవారి పరిశోధనలోనూ లేదు. మాకు మాత్రం పనిచేసింది.

180 అనే సంఖ్యను గురించి ఒక మాట. పరుగు పుస్తకాలు చదివేవారికి ఇది మంత్రం వంటిది. 1984లో లాస్ ఏంజిలిస్ ఒలింపిక్సులో జాక్ డేనియల్స్ అనే అమెరికా శిక్షకుడు పరుగువీరుల అడుగులు లెక్కపెడితే ఇంచుమించు అందరివీ నిమిషానికి 180, అంతకు మించి ఉన్నవి. అది చూసి లోకమంతా 180 అంటూ పట్టుకున్నది. వారు పందెంలో పరుగెత్తుతున్న ఒలింపిక్కు వీరులు. మనం పెన్షను దగ్గరపడుతున్న సంసారులం. ఎత్తునుబట్టి, వేగాన్నిబట్టి సంఖ్య మారుతుంది. ఎవరి పాత లెక్కకు వారు అయిదు పది వంతులు కలుపుకోవడమే న్యాయం.

ఈ విద్యలో అందరికంటె ముందు ఉత్తీర్ణురాలైనది అక్కయ్య. ఆమె అంతవరకు పరుగెత్తి ఎరుగదు. నలభై రెండేళ్ళు, నడుమునొప్పి. మొదటి రోజు చుడిదారు, కాన్వాసు బూట్లు వేసుకొని వచ్చి, మేము నేర్పబోయేలోపలే చిన్నచిన్న అడుగులతో చప్పుడు లేకుండా పరుగెత్తింది. ఎట్లా వచ్చిందంటే, “ఇరవై ఏళ్ళు చీర కుచ్చిళ్ళతో బస్సు వెంట పరుగెత్తాను, ఇంతకంటె పెద్ద అడుగు వేస్తే పడిపోమూ?” అన్నది. మేమిద్దరమూ నోరు మూసుకొన్నాము.

ఆమె వేగం నడకకంటె ఏమంత ఎక్కువ కాదు. జపానులో ఫుకువోకా విశ్వవిద్యాలయంలో పనిచేసిన హిరోయాకి తనాకా అనే ఆచార్యుడు సరిగా ఇటువంటి పరుగునే దేశమంతటా ప్రచారం చేశాడు. నడక వేగంతోనే పరుగెత్తాలి, అడుగు చిన్నది, ముంగాలు ముందు ఆనాలి. ముఖాన చిరునవ్వు చెదరకూడదు, పక్కవారితో మాట్లాడగలగాలి. చిరునవ్వును వారి భాషలో నికో నికో అంటారట, ఆ వేగానికి అదే పేరు. నాడికి ఆయన చెప్పిన గుర్తు 138 నుండి వయస్సులో సగం తీసివేయడం. నలభై ఆరేళ్ళవారికి 115. ఆ దరిదాపుల్లో నాడి ఉంటే చాలు, అంతకు మించి రొప్పనక్కరలేదు. బాగా బరువున్నవారు, పరుగంటే భయపడేవారు మొదలుపెట్టడానికి మాకు తెలిసినంతలో ఇంతకు మించిన దారి లేదు.

ఇక బావ కథ. ఇది చెప్పడానికి ఆయన అనుమతి తీసుకున్నాము.

ఆగస్టు నెలలో ఆయన అబెబె బికిలాను గురించి చదివాడు. ఇథియోపియా చక్రవర్తి అంగరక్షక దళంలో సైనికుడు బికిలా. 1960లో రోము ఒలింపిక్సులో మారథాను పందెం ఒట్టికాళ్ళతో పరుగెత్తి, 2 గంటల 15 నిమిషాల 16 సెకనులలో గెలిచి లోకాన్ని నివ్వెరపరిచాడు. దానితోబాటు, హార్వర్డు విశ్వవిద్యాలయంలో డేనియల్ లీబర్మన్ బృందంవారు 2010లో ప్రకటించిన పరిశోధన. చిన్ననాటి నుండి బూట్లు లేకుండా పరుగెత్తినవారు ఎక్కువగా ముంగాలి మీద ఆనుతారనీ, మడమతో గుద్దినప్పుడు తగిలే మొదటి తాకిడి వారికి ఉండదనీ అందులో తేలింది. ఇంకేమి కావాలి? మరునాడే బావ బూట్లు ఇంట్లో విడిచి తారురోడ్డు మీద, కేవలం మునికాళ్ళ మీద, ఐదు కిలోమీటర్లు పరుగెత్తాడు. ఆ రోజు మా ముందు చాలా గర్వంగా నవ్వాడు కూడా.

మూడవ రోజు మంచం దిగలేకపోయాడు. పిక్కలు రాళ్ళయి, మడమ వెనుక తాడు వలె ఉండే స్నాయువు వాచింది. మూడు వారాలు ఆఫీసు మెట్లు పీతవలె పక్కకు తిరిగి దిగాడు. ఈ సంగతి మేము ఇంట్లో నవ్వుతూ చెబుతుంటే వరండాలో నుండి మా నాయనగారి గొంతు వినబడింది. సాధారణంగా ఆయన మాట పెంచరు. “చెప్పులు లేకుండానా? ఏమిరా, నా కాలు ఎందుకు పోయిందో మరిచిపోయినారా మీరు? వాడిని నా దగ్గరికి పిలుచుకొని రా.” బావ వచ్చాడు. ఆయన తిట్టలేదు. పంచె కొంచెం పైకి తీసి కాలు ఆగిపోయినచోటు చూపించి, “మేకు దిగితే నొప్పి పుట్టలేదప్పా నాకు. అదే నా కర్మ,” అన్నారు. ఇంట్లో కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. బావకు చక్కెర లేదు. ఉన్నవారు, ఉండవచ్చునని అనుమానమున్నవారు, పాదాలలో తిమ్మిరి కలవారు ఒట్టికాళ్ళ పరుగు మాట తలపెట్టరాదు. డాక్టరు పాదాలు పరీక్షించి సరేననేదాకా బూట్లతో పరుగైనా సరే మొదలుపెట్టకపోవడం మేలు.

ఫిజియోథెరపీ అమ్మాయి బావకు చెప్పినది మాకు బాగా అర్థమైనది, ఎందుకంటే అది లెక్కల భాషలోనే ఉన్నది. పరుగు భారం ఎక్కడికీ పోదు. మడమతో గుద్దితే మోకాటి పద్దులో పడుతుంది. ముంగాలితో ఆనితే మోకాటికి తగ్గి, పిక్క, మడమ స్నాయువుల పద్దులోకి బదిలీ అవుతుంది. నలభై ఏళ్ళు బూట్లలో సుఖంగా కూర్చున్న పిక్క పేర ఒక్కరోజులో అంత బాకీ వ్రాస్తే అది దివాలా తీయక ఏమి చేస్తుంది? చిన్న అడుగులో కూడా ఈ బదిలీ కొంత ఉన్నది, కాని అది వాయిదాల మీద జరుగుతుంది. మోసపోయినవాడు బావ ఒక్కడే కాదు. అమెరికాలో 2013లో 36 మందితో చేసిన ఒక పరీక్షలో, పలుచని అడుగు గల చెప్పులకు పది వారాలలో మారినవారిలో సగానికి పైగా మందికి పాదపు ఎముకల లోపల వాపు పెరిగినట్లు చిత్రాలలో కనబడింది. ఐదు వేళ్ళూ విడివిడిగా ఉండే చెప్పులు చేసే ఒక పేరుపొందిన కంపెనీ, ఋజువు లేని ఆరోగ్యలాభాలు ప్రకటించిందనే దావాలో 2014లో 37 లక్షల 50 వేల డాలర్లకు రాజీపడింది. ఇంకొక సంగతి. ఆ బికిలాయే నాలుగేళ్ళ తరువాత, 1964లో, టోకియోలో బూట్లు వేసుకొని పరుగెత్తి తన రోము కాలంకంటె మూడు నిమిషాలు ముందుగా చేరాడు. బావ చదివిన పుస్తకంలో ఆ పుట కూడా ఉండే ఉంటుంది.

ఆయన కాలు బాగుపడిన విధం ఇది. మెట్టు అంచున ముంగాళ్ళు ఆనించి నిలబడాలి. రెండు కాళ్ళతో పైకి లేచి, నొప్పి ఉన్న ఒక్క కాలి మీద బరువు ఉంచి, మడమను మెల్లగా మెట్టుకు క్రిందుగా దించాలి. 15 చొప్పున మూడు విడతలు. మోకాలు చాచి ఒకమారు, కొంచెం వంచి ఒకమారు. రోజుకు రెండు పూటలు, 12 వారాలు. హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ అనే స్వీడను వైద్యుడు 1998లో ప్రకటించిన పద్ధతి. దీని పుట్టుక చిత్రమైనది. ఆయనకే మడమనొప్పి వచ్చి శస్త్రచికిత్స చేయమంటే పై అధికారి ఒప్పుకోలేదట. సరే, స్నాయువు తెగితేనైనా చేయక తప్పదు గదా అని దానిని తెంపడానికి ఈ విధంగా మొండిగా బరువు మోపుతూ పోతే, తెగకపోగా నయమైనదట. సెలవు మంజూరు చేయని అధికారివల్ల లోకానికి మేలు జరిగిన సందర్భం గుమాస్తాలకు ఇదొక్కటే తెలుసు.

ఇప్పటి మా పద్ధతి వారానికి నాలుగు రోజులు. ముందు పది నిమిషాలు నడక. ఆ తరువాత రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, అట్లా ఎనిమిది విడతలు. మొదటి నెలలో ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలుపెట్టాము. బూట్లు మామూలువే. పాదం ఎట్లా ఆనుతున్నదని అసలు చూసుకోము. అడుగు చిన్నదయితే ఆ సంగతి అదే చూసుకుంటుంది. చెవి మాత్రం క్రింద పెడతాము. చప్పుడు పెరిగితే అడుగు పొడుగైనదని గుర్తు. మరునాటికి పిక్కలో పట్టు మిగిలి ఉంటే ఆనాడు నడక మాత్రమే.

ఫలితం ఏమంటారా? మొదటి ఏడు చక్కెర లెక్క 6.0, ఈ ఏడు 5.8. కాఫీలో పంచదార మానడం, రాత్రి అన్నం తగ్గించడం కూడా ఇందులో భాగస్వాములే గనుక పరుగొక్కదానికే కీర్తి కట్టబెట్టలేము. బరువు 82 నుండి 76. మోకాలు పూర్తిగా మాట మానలేదు. వానాకాలంలోనూ, ఆడిటు రోజులలో గంటల తరబడి కూర్చున్నప్పుడూ గొణుగుతుంది. కాని ఈ వినాయక చవితికి పీట మీద కూర్చొని కథ పూర్తిగా చదివి లేచాము. ఇల్లాలు కుర్చీ తేలేదు. బావ ఇప్పుడు ఎక్కువగా నడుస్తాడు, తక్కువగా పరుగెత్తుతాడు, అన్ని వేళలా తకిట చెబుతాడు. అక్కయ్య ఒక్కతే ఐదు కిలోమీటర్లు ఆగకుండా పోతుంది, మేము వెనుక పడతాము.

మొన్న గురువారం మామూలుగానే తెల్లవారుజామున తిరిగి వచ్చి, గేటు తీసి, వరండా మెట్టు మీద కూర్చొని బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాము. ఇంకా మసకమసకగానే ఉన్నది. మా నాయనగారు వాలుకుర్చీలో నుండి ఇంట్లోకి కేక వేశారు: “అమ్మాయీ, వీడు పరుగుకు పోవడం మానేసినాడేమి? ఈ నడుమ వీధిలో చప్పుడే వినబడదు!”

“ఇక్కడే ఉన్నాను నాయనా” అన్నాము.

ఆయన తల తిప్పి, మెట్టు వైపు వంగి చూసి, “ఎప్పుడు వచ్చినావురా?” అన్నారు.